కుడికి పోని బాణం

సుశీల మొండిది. ఆ మాట ఆమె వెనకాల అనాల్సిన పని లేదు, ముఖం మీదే అనొచ్చు, నవ్వి ఊరుకుంటుంది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి ఆమె చదువులో ఒక ఏడాది గాల్లో కలిసిపోయింది. కేసముద్రం దగ్గరి ఊళ్ళో ఉన్న ఆమె తండ్రి, "సదువు ఆగింది గదా బిడ్డా, ఇగ చాలు. ఇంటి పట్టున ఉండు" అన్నాడు.

"ఆగలేదు బాపు, ఆలస్యమైంది. గంతే" అంది సుశీల. మరుసటి ఏడు పరీక్ష రాసింది. ఆ తర్వాత రోజూ రైలెక్కి వరంగల్లు పోయి డిగ్రీ చదివింది. చివరికి తొర్రూరు ఆడపిల్లల బడిలో లెక్కల టీచరైంది.

ఎనభై ఆరులో ఆ బడికి కంప్యూటర్ వచ్చింది. దానంతట అదేం రాలేదు. సుశీల వరంగల్లు ఆఫీసు చుట్టూ తిరిగి, అక్కడి గుమాస్తాల ప్రాణం తోడేసి తెచ్చుకుంది. హెడ్మాస్టరు జైపాల్ సారు మాత్రం దాన్ని చూసి బెదిరిపోయాడు. దానికో గది, గదికి తాళం, పైన పూల గుడ్డ. లోపలికి వచ్చేవాళ్ళు చెప్పులు విడవాలి.

"ఖరాబైతే జవాబు ఎవరు జెప్పాలె సుశీలమ్మా?" అని ఆయన గోడు.

"ఊకె పెట్టినా ఖరాబైతది సార్" అని ఆమె తాళంచెవి అడిగి పుచ్చుకుంది.

కంప్యూటర్‌తో పాటు క్యాసెట్‌లో ఒక ఆట వచ్చింది. తెర మీద ఒక పల్లె బొమ్మ ఉంటుంది. గొర్రెపిల్ల తప్పిపోయింది, దాన్ని వెతకాలి. చిన్న బాణం గుర్తును జరిపి తలుపు మీద ఆపి మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. బావి మీద నొక్కితే బొక్కెన పైకొస్తుంది, అందులో దొడ్డి తాళంచెవి దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరం చదవడానికి తడబడే పిల్లలు ఈ ఆటకు ఎగబడ్డారు. తండా నుంచి నడిచొచ్చే తుల్సీబాయి అయితే తిండి కూడా మరిచేది.

ఇంతలో కబురొచ్చింది. దసరా సెలవుల తర్వాత తనిఖీకి అధికారి వస్తాడు. పిల్లలకు వాడకం రాకపోతే కంప్యూటర్‌ను పట్నం బడికి పంపేస్తారు. సుశీల రోజూ పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టి ఆడించింది. అంత కష్టపడి తెచ్చింది పూల గుడ్డ కప్పడానికా?

సెలవులకు ముందు బడిలో ఆయుధపూజ చేశారు. అటెండరు పోశయ్య భక్తిపరుడు. గంటకూ, బెంచీలకూ, సైకిల్‌కూ బొట్లు పెట్టి, కంప్యూటర్ మీద మాత్రం గుప్పెడు అక్షింతలు ఎక్కువే చల్లాడు. ఖరీదైన వస్తువు కదా మరి.

బడి తెరిచిన రోజే అధికారి దిగాడు. "ఈ ఊరి పిల్లలకు ఇదెందుకండీ?" అన్నాడు, కుర్చీ లాక్కుంటూ. సుశీలకు ఒళ్ళు మండింది. పళ్ళు బిగించి తుల్సీబాయిని ముందు కూర్చోబెట్టింది. తలుపు తెరుచుకుంది, బావిలో తాళంచెవి దొరికింది. ఇక కుడి కొసన ఉన్న దొడ్డి దగ్గరికి పోవాలి.

"మేడం, బాణం కుడి దిక్కు పోతలేదు!" పిల్ల కేక పెట్టింది. కుడి మీట ఎంత నొక్కినా బాణం కదలడం లేదు. జైపాల్ సారు చెమటలు తుడుచుకున్నాడు. అధికారి గడియారం చూసుకున్నాడు.

సుశీలకూ ఏం తోచలేదు. కానీ ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు.

"ఎడమ దిక్కు పోతదా?"

"పోతది మేడం."

"అయితే అటే పో. ఆగకు."

దొడ్డి కుడి వైపున ఉంటే పిల్ల ఎడమకు పోతోంది. అధికారి నవ్వాడు. బాణం ఎడమ అంచు దాకా పోయి, దాటి, మాయమైంది. అంతలో అది కుడి అంచు నుంచి మెల్లగా బయటికొచ్చి, సరిగ్గా దొడ్డి ముందు నిలబడింది. తుల్సీబాయి మీట నొక్కింది. గొర్రెపిల్ల గంతులేసుకుంటూ వచ్చింది.

పిల్లల కేకలకు గది దద్దరిల్లింది. సుశీల ఏడ్చేసింది, దాచుకోలేదు కూడా. అధికారి లేచి నిలబడి, "ఇది ఇక్కడే ఉండనివ్వండి" అన్నాడు.

ఆయన వెళ్ళాక సుశీల కీబోర్డును తలకిందులు చేసి తట్టింది. కుడి మీట సందులోంచి పసుపుపచ్చని బియ్యపుగింజ ఒకటి అరచేతిలో పడింది. గుమ్మంలో నిలబడ్డ పోశయ్య ముఖం పాలిపోయింది.

సుశీల అతన్ని చూసి నవ్వింది. ఆ అక్షింతను తుల్సీబాయి నెత్తిన వేసింది.