లేని చేతి మంట

మల్కాపురం బస్సులో నా ఒళ్లోని బైబిలు చూసి పక్క సీటాయన పలకరించాడు. ఓడ సరుకు దించుతుండగా జరిగిన ప్రమాదంలో ఆయన కుడి చేయి మోచేతి దాకా పోయింది.

"లేని సెయ్యి మండతాది అయ్యగారూ, నవ్వకండి. పిడికిలి బిగుసుకుపోయి గోళ్లు దిగిపోతన్నట్టుంటాది. ఆస్పత్రిలో కెటమిన్ అని, ఆపరేషన్లకిచ్చే మత్తుమందేనంట, కొంచెం సెలైన్లో ఎక్కిత్తన్నారు. గాల్లో తేలినట్టుండి, పిడికిలి వదులవుతాది. రెండ్రోజులు నిద్రపడతాది. ఇయాల మళ్లీ రమ్మన్నారు. మత్తు కదా, నాను పాపం సేత్తన్నానా?"

మత్తు విశ్వాసికి తగదని, స్వస్థపరిచేది ప్రభువేనని గట్టిగా చెప్పాను. ప్రార్థన చేద్దామని ఆయన భుజం మీద చేయి వేశాను.

"అక్కడ కాదండి" అంటూ నా చేతిని తీసి, మోచేతి కింద ఖాళీలో పెట్టాడు. "ఇక్కడ."

ఆ ఖాళీలోనే చేయి ఉంచి ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి స్టాపు వచ్చింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. ఆయన లేవలేదు. బస్సు కదిలింది.

"తగ్గిందా?" అని అడిగాను.

"మండతంది. మీరు సెప్పారు కదా, ఓర్సుకుంటాను."

ఆ ఆదివారం సంఘంలో నిలబడి ఆయన విశ్వాసాన్ని సాక్ష్యంగా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. మండుతోందని ఆయన అన్న మాట మాత్రం చెప్పలేదు.