మూడో కొటేషన్

దయ్యాలు లేవని నేను ఎవరితోనన్న వాదన పెట్టుకునేటోన్ని. మాది నల్లగొండ దిక్కు ఊరు. చిన్నప్పుడు మా చిన్నమ్మకు పూనకమొస్తే అందరు దండం పెడుతుండ్రి, నేను దూరం నిలబడి నవ్వేటోన్ని. మా నాయిన చెవి మెలేసిండు. అయినా నవ్వు ఆగకపోయేది. ఇప్పటికీ అమాస నాడు సుత కొత్త పని మొదలుపెడ్త. ముందుగాల్నే ఎందుకు చెప్తున్ననంటే, ఈ ముచ్చట విన్నంక నన్ను పిరికోడనో, ఏదో తాగి పోయిండనో అనుకోవద్దు. నాకు ఆ అలవాటు లేదు.

అప్పట్ల నేను ఒక యూనివర్సిటీల సైన్స్ డిపార్ట్‌మెంట్‌ల అసిస్టెంటుగ చేస్తున్న. కొనుగోళ్లు, బిల్లులు, ఖర్చుల కాయితాలు అన్నీ నా టేబుల్ మీదికెళ్లే పోవాలె. గాజు బీకర్ల కాడికెళ్లి బాత్రూం చీపురు దాక. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. అల్మాస్‌గూడల కిరాయికి ఉండేటోల్లం. ఎల్బీ నగర్ దాక ఆటో, ఆడికెళ్లి బస్సు.

సర్కారు పైసలతోని ఏదన్న కొనాలంటే మూడు దుకాణాల్ల రేట్లు రాయించుకోవాలె. వాటినే కొటేషన్లు అంటరు. ఎవలిది తక్కువుంటే ఆళ్లకు ఆర్డర్. రూలు మంచిదే, కాని మూడు దుకాణాలు తిరిగేదెవరు? మాకు యాదగిరి అని ఒక సప్లయర్ ఉండె. మంచోడు. సరుకు టైముకు తెచ్చేటోడు, నాసిరకం అంటగట్టేటోడు కాదు. మూడు కొటేషన్లు ఆయనే పట్టుకొచ్చేటోడు. ఒకటి తనది, ఒకటి బామ్మర్దిది. మూడోది శ్రీ మాణిక్య సైంటిఫిక్స్, దిల్‌సుఖ్‌నగర్.

అసొంటి దుకాణమే లేదు. లెటర్‌హెడ్ యాదగిరే ప్రింట్ కొట్టిచ్చిండు. పైన సూక్ష్మదర్శిని బొమ్మ వేయిస్తే అది జర వంకరగ పడ్డది. అడ్రసు నోటికొచ్చింది పెట్టిచ్చిండు. కింద బి. నర్సింహ, ప్రొప్రయిటర్ అని ఎడమ చేత్తోని సంతకం చేసేటోడు, రాత కలవొద్దని. రేటు మాత్రం నన్నడిగేటోడు. మూడోది ఎంతేద్దామన్నా అంటే, నేను అందరికంటె జర ఎక్కువ చెప్పేటోన్ని. నాకంటె ముందు ఆ సీట్ల ఉన్నాయన నాకు నేర్పిచ్చిపోయిన పద్ధతే అది. పక్క డిపార్ట్‌మెంట్లల్ల కూడ ఇదే తంతు. తప్పని ఎవలకు అనిపియ్యలె.

మా హెడ్డు సుశీల మేడం. గుంటూరు దిక్కు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల ఫ్లాట్ కొనుక్కొని ఏండ్ల సంది ఉంటున్నరు. పిల్లలు లేరు. ఆమె భర్త, సారుకు రెండు కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నడు. ఇంకొన్ని నెలల్ల మేడం రిటైర్ అయ్యేది. ఆమె చేతికొచ్చే గ్రాట్యుటీ, ఆ పెన్షన్ మీదనే సారు పానం నిలబడాలె. ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌ల అందరికి తెలుసు.

నేను పెట్టిన కాయితం మీద మేడం కండ్లు మూసుకొని సంతకం చేసేది. అంతా సరిగ్గా ఉందిగా శంకర్ అని ఒక మాట అడిగేది. ఉంది మేడం అనేటోన్ని. మా అమ్మకు పానం బాగలేకపోతే దవాఖానల మంచం దొరకక పరేషాన్ల ఉన్నప్పుడు ఎవలెవలికో ఫోన్ చేసి ఇప్పిచ్చింది ఆమెనే. బయట ఆంధ్రోల్లు వాపస్ పోవాలె అని లొల్లి నడుస్తుంటే, నేను కూడ ఆ ఊరేగింపుల్ల తిరిగి, మర్నాడు పోయి ఆమె ముంగట నిలబడి సంతకాలు తీసుకునేటోన్ని. ఒక్కనాడు సుత నన్ను ఒక మాట అనలె.

గప్పుడొచ్చిండు ఆడిట్ సారు. పడుసోడు. పాత ఫైళ్లన్నీ తిప్పి తిప్పి చూసి ఒకటే ప్రశ్న వేసిండు. ఇన్నేండ్ల నుంచి ఒక్క ఆర్డర్ కూడా రాకపోయినా, అడిగినప్పుడల్లా కొటేషన్ పంపే అమాయకుడెవడండీ?

మాణిక్య సైంటిఫిక్స్ సంగతే అది. ఆ దుకాణం ఉన్నట్టు ప్రొప్రయిటర్ లెటర్ తేవాలె, ఆడిట్ సారు వచ్చి కండ్లతోని చూడాలె. లేకుంటే కొనుగోళ్లన్నీ తకరారుల పడ్తయి. సంతకం పెట్టినోళ్లదే బాధ్యత. మేడం పెన్షన్ కాయితాలు ఆగిపోతయి.

యాదగిరి బేఫికర్ మనిషి. లెటర్ నేను రాస్త, నువ్వు పోయి ఆ అడ్రసు కాడ ఏముందో చూసి రా, ఖాళీ గది దొరికితే కిరాయికి తీసుకొని ఒక బోర్డు తగిలిద్దాం అన్నడు. ఆయన అప్పుడు వాళ్ల సొంతూర్ల ఉండె. వరుసగా బంద్‌లు నడుస్తున్నయి. ఆఫీసు తెరిచే లోపల పని కావాలె. సరే అని నేనే బయల్దేరిన.

ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాల ఉద్యమపోల్లు వంటావార్పు పెట్టిండ్రు. రోడ్డు నడిమిట్ల పొయ్యిలు, పెద్ద పెద్ద డేగిషాలు, డప్పులు. తెలిసినాయన చెయ్యి పట్టి కూసోబెట్టి అన్నం, పప్పు పెట్టిచ్చిండు. తిని, నాలుగు నినాదాలు ఇచ్చి, ఎండల నడుసుకుంట దిల్‌సుఖ్‌నగర్ చేరిన. దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నయి. కోచింగ్ సెంటర్ల గల్లీలల్ల కుక్కలు తప్ప ఎవలు లేరు.

నిజం చెప్పాలంటే ఆ ఇంటి నంబరు ఉంటదని నేను అనుకోలె. ఉంది. కింద ఒక టైలర్ దుకాణం, మూసి ఉంది. పక్క పొంటి మెట్లు. పైకి చూస్తే మొదటి అంతస్తుల తలుపు తెరిచి ఉంది. తలుపు మీద బోర్డు. శ్రీ మాణిక్య సైంటిఫిక్స్. నీలం రంగు అక్షరాలు, పక్కన సూక్ష్మదర్శిని బొమ్మ. లెటర్‌హెడ్ మీద ఎట్ల వంకరగ ఉందో అట్లనే ఉంది.

నాకు భయం కాలె. ఖుషీ అయింది. యాదగిరి మస్తు హుషారోడు, నాకు చెప్పకుంటనే అంతా సదిరిండు అనుకొని మెట్లెక్కిన.

లోపల గడ్డిల చుట్టిన గాజు సామాన్లు, అట్టపెట్టెలు, స్పిరిట్ వాసన. టేబుల్ ఎనుక యాభై దాటిన మనిషి కూసున్నడు. ఉతికిన అంగీనే, కాని కాలరు నలిగి పోగులు లేచింది. కుడి చెయ్యి ఒళ్లె పెట్టుకున్నడు, కదలట్లేదు. రండి శంకర్ సార్, కూసోండ్రి అన్నడు. కుండలకెళ్లి నీళ్లు ముంచి ఎడమ చేత్తోనే ఇచ్చిండు. ఎండల నడిచొచ్చిన కదా, గటగటా తాగిన. చల్లగున్నయి.

లెటర్ కావాలన్న. ఏం లెటర్ అని కూడ అడగలె. కాయితం తీసి ఎడమ చేత్తోని రాసిండు, స్టాంపు గుద్దిండు, సంతకం చేసిండు. నేను ఏండ్ల సంది చూస్తున్న సంతకమే. బాగా నేర్చినవే అని నవ్విన. ఆయన నవ్వలె.

స్టాంపు డబ్బీల పెట్టుకుంట మెల్లగ అన్నడు.

"అడిగిన ప్రతిసారి కొటేషన్ ఇచ్చిన సార్. ఒక్కసారన్న మాకు ఆర్డర్ ఇయ్యకపోతిరి."

నేను ఏదో సర్దిచెప్పబోయిన. రేటు ఎక్కువుంటే రూలు ఒప్పుకోదు కదా అన్న.

"రేటు నేను వేసిందా సార్? మీరే రాస్తిరి గద. ఒక్కసారి జర తగ్గిచ్చి రాస్తే మీదేం పోతుండె? దుకాణం కిరాయి కట్టలేకపోతున్న."

కోపం లేదు ఆ గొంతుల. ఎన్నోసార్లు మనసుల అనుకొని అనుకొని అరిగిపోయిన మాట లెక్క ఉంది. తర్వాత ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిండు. ఎప్పుడు బీకర్లు అడిగినం, ఎప్పుడు బల్లలు అడిగినం, ఏ కొటేషన్‌ల తనకంటె ఆర్డర్ దొరికినోళ్ల సరుకు ఎంత తక్కువల పోయింది. అందులో కొన్ని నేను, యాదగిరి ఇద్దరమే కూసొని అనుకున్న రేట్లు. యాదగిరే పంపిండా నిన్ను అని అడిగిన.

"యాదగిరి ఎవరు సార్?" అన్నడు.

నేను లేచి నిలబడ్డ. ఆయన కూడ లేచి, అట్టపెట్టెలకెళ్లి ఒక ఫిల్టర్ పేపర్ ప్యాకెట్ తీసి చేతుల పెట్టిండు. సాంపిల్ అన్నడు. ఈసారన్న చూడుండ్రి, చిన్న ఆర్డర్ అయినా సరే అన్నడు. తప్పకుండ ఇస్త అని మాటిచ్చిన. అప్పుడు ఆ మాట నిజంగనే అన్న.

గల్లీ దాటినంక యాదగిరికి ఫోన్ చేసిన. నేను బోర్డు పెట్టలె, మనిషిని పెట్టలె, నువ్వేం తాగి పోయినవ్ అని తిట్టిండు. తర్వాత దేవుని మీద ఒట్టేసిండు. ఆయన ఒట్లు మామూలుగ నేను నమ్మను. ఆ గొంతు విని నమ్మిన.

ఆఫీసు తెరిచినంక లెటర్ ఇస్తే ఆడిట్ సారు జేబుల పెట్టుకొని, పదండి చూసొద్దాం అన్నడు. ఆ రోజు గల్లీ నిండ మంది. కింద టైలర్ మిషన్ తొక్కుతున్నడు. అవే మెట్లు, అదే తలుపు. లోపల ఆడపిల్లల హాస్టల్ వంటగది. ఇద్దరు ఆడోల్లు ఉల్లిగడ్డలు కోస్తున్నరు. శానా ఏండ్ల సంది ఇక్కడ వంటగదే ఉంది అన్నరు. టైలర్‌ను అడిగితే, నేను వచ్చిన కాడికెళ్లి పైన హాస్టలే సార్ అన్నడు.

నేను తలుపు మీద చూసిన. బోర్డు కాదు కదా, మొల కొట్టిన గురుతు సుత లేదు.

ఆడిట్ సారు నా మొఖం దిక్కు చూసిండు. ఇదివరకు దొంగ కొటేషనే అనుకున్నా, ఇప్పుడు దొంగ లెటర్ కూడా పుట్టించారన్నమాట అన్నడు. ఇన్నేండ్లు యాదగిరి రాసిన దొంగ కాయితాలన్నీ పాసైనయి. ఆ మనిషి నా కండ్ల ముంగట రాసిచ్చిన ఒక్క కాయితమే అబద్ధమైంది. నిజం చెప్తే పిచ్చోడంటరు, చెప్పకుంటే దొంగ అంటరు. అడకత్తెరల పోకచెక్క లెక్క అయింది నా పని.

మేడంకు అంతా చెప్పిన. మూడో దుకాణం లేదన్న సంగతి, ఆ దుకాణానికి నేను పోయొచ్చిన సంగతి, రెండూ. తిడ్తదనుకున్న. ఏడుస్తదనుకున్న.

"అతని దుకాణం నడుస్తోందా శంకర్?" అని అడిగింది. కిరాయి కట్టలేకపోతున్నడట మేడం అన్న. ఫైలు మూసి పక్కకు పెట్టింది.

తప్పు నాదే అని రాసిచ్చిన. నాకు మెమో ఇచ్చి పరీక్షల విభాగానికి మార్చిండ్రు. అంతే. సంతకం మేడంది కాబట్టి గ్రాట్యుటీ ఆపిండ్రు, పెన్షన్ తేల్చలె. అంతలనే తెలంగాణ కోసం ఉద్యోగుల పెద్ద సమ్మె మొదలైంది. ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పేటోడు లేడు. సమ్మె అయినంక తిరిగిన. పై సారు సరే అంటే కింది క్లర్కు కాదనేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టే నడిచింది. ఎంత మంది కాళ్లు పట్టుకున్ననో నాకే తెలుసు.

సారు దవాఖాన ఖర్చుకు మేడం ఫ్లాట్ అమ్మేసింది. రాష్ట్రం వస్తదని భయపడి ఆంధ్రమ్మ అమ్ముకొని పోతుందని మా ఆఫీసుల నవ్విండ్రు. ఆమె ఎటూ పోలె. తుర్కయంజాల్‌ల రెండు గదులు కిరాయికి తీసుకున్నది. సారు ఎక్కువ రోజులు బతకలె.

రాష్ట్రం వచ్చింది. మేడం ఫైలు ఇంకా కదలలె. నేను నెలకోసారి పోయి కలిసి వస్త. పోయినప్పుడల్లా కొత్త సంగతి ఏం లేదు మేడం అని చెప్తుంటే నాకే మొఖం చెల్లదు.

ఆ ఫిల్టర్ పేపర్ ప్యాకెట్ మా ఇంట్ల బీరువా మీద ఉంది. బిల్లు లేదు కాబట్టి ఏ స్టాకుల ఎక్కదు. పారేద్దామంటే చెయ్యి రాదు. నా భార్య దాన్ని ఎవలకన్న ఇచ్చెయ్యమని నస పెడ్తది. ఆ రోజు నేను తాగిన నీళ్లు ఎక్కడివి, ఆ మనిషి ఎవరు, నేను, యాదగిరి ఊరికె కాయితం మీద నడిపిన పేరుకు చెయ్యి, గొంతు, కిరాయి బాధ ఎట్లొచ్చినయి, ఎంత సోంచాయించినా నాకు తెల్వదు. తెలిసినోళ్లెవరన్న ఉంటే చెప్పుండ్రి.

మొన్న పోయినప్పుడు మేడం కాఫీ ఇచ్చుకుంట, ఆ గల్లీకి ఎప్పుడైనా వెళ్తుంటావా అని అడిగింది. పోతుంట మేడం, హాస్టలే ఉంటది అన్న.

"వెళ్తూ ఉండు బాబూ. కనిపిస్తే ఒక్క ఆర్డరైనా ఇచ్చి రా. మన కాగితం ఎప్పుడొస్తుందా అని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుస్తోంది."

అట్లనే మేడం అన్న. కొనుగోళ్ల సీటు నా చేతిల లేదని, ఆయన ఎదురుపడ్డా నేను ఇయ్యగలిగింది ఏం లేదని చెప్పలేకపోయిన. కాఫీ తాగి, చెప్పులేసుకొని వచ్చేసిన.