నూనె చుక్క పడిన టేప్ రికార్డర్

పోయిన వారం మా వీధిలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ, పాత టేప్ రికార్డర్ పనిచేస్తుందో లేదో చూద్దామని మీట నొక్కాడు. లోపలి క్యాసెట్ ఏనాడు పాడైందో, పాటకు బదులు చెవులు చిల్లులు పడేలా కీచుమంది. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చిట్లించారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒకప్పుడు అలాంటి కీచుశబ్దం వినడానికే నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సెక్కేదాన్ని. ఆ రొదలో చదువుందని నాకు చూపించినవారు ఖమర్ మేడమ్.

మేడమ్ ఆదోనిలో హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. ఎనభైల మధ్యలో దుబాయి నుంచి వచ్చిన తమ్ముడు ఆవిడకు ఒక చిన్న కంప్యూటర్ తెచ్చిచ్చాడు. చూస్తే మీటల పలకే తప్ప మరేం లేదు. దానికి తెరగా ఒక టీవీ, పాఠాలు, ప్రోగ్రాములు కీచుశబ్దాలుగా నిండిన క్యాసెట్లు వెయ్యడానికి ఒక టేప్ రికార్డర్ మనమే తగిలించుకోవాలి. అప్పటికి నేను డిగ్రీ ముగించి, నేతగాడైన మా నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టిపెడుతూ ఇంట్లో ఉన్నాను. అది నేర్చుకోవడానికి రమ్మని మేడమ్ కబురు పంపితే నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు పోతూ ఆదోనిలో దిగి చూస్తాడు. నేను ఏమైనా నేర్చినట్టు కనబడితే సరి, లేదంటే అక్కణ్ణుంచే వెంటబెట్టుకుపోతాడు, ఇక ఆదోని మాటెత్తకూడదు. మా నాన్న మాటంటే మాటే.

మేడమ్ ఇంటి హాల్లో కలర్ టీవీ, రెండు స్పీకర్ల పెద్ద టేప్ రికార్డర్ ఉండేవి. వాటినే వాడతామని నేను ఉబలాటపడ్డాను. ఆవిడ అటక మీది నుంచి పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ, వంటింట్లోంచి మసిబారిన చిన్న టేప్ రికార్డర్ తెచ్చారు. నేను మూతి ముడుచుకున్నాను. “రంగులుంటే కన్ను రంగుల మీదికే పోతాది బేటీ, మనకు అక్షరం కనబడితే సాలు. ఇంక దీనికి మీటలు తక్కువ, తప్పు యాడుందో తొందరగా దొరుకుతాది” అన్నారు. ఆవిడ చెప్పింది నిజమేనని తెలిసేసరికి నా అలక తీరిపోయింది.

బిగించడం ఒక పూటతో అయ్యే పని కాదు. పత్తి మిల్లులు తిరిగే వేళకు కరెంటు పడిపోయి తెర మీద అక్షరాలు వణికేవి, స్టెబిలైజర్ తెచ్చాక కుదురుకున్నాయి. టేపు శబ్దం కాస్త పెరిగినా, తగ్గినా కంప్యూటర్ పాఠాన్ని అందుకునేది కాదు. శబ్దం పెంచే మీటను ఎక్కడ ఉంచితే అందుకుందో అక్కడ మేడమ్ గోళ్లరంగుతో చుక్క పెట్టారు. ఏ తీగ ఎందుకు తగిలించామో నేను చెప్పేదాకా ఇంకో తీగ ముట్టనిచ్చేవారు కాదు. ఆ సతాయింపు అప్పుడు కష్టంగానే ఉండేది. శ్రావణం వచ్చేసరికి నా అంతట నేనే ఒక ప్రోగ్రాం రాసి టేపులోకి ఎక్కించాను. నడిపిస్తే తెర నిండా చుక్కలతో, నాన్న నేసే తువ్వాలుకుండే పువ్వుల అంచు పడుతుంది.

నాన్న అన్న మాట ప్రకారం వచ్చాడు. మేడమ్ లోపల నమాజులో ఉన్నారు. నేను టేపును వెనక్కి తిరగడానికి పెట్టి టీ కాయడానికి వంటింట్లోకి పోయాను. తిరుగుతున్న టేపు కిర్రుమంది. మా ఇంట్లో ఏది కిర్రుమన్నా ఒక నూనె చుక్క వెయ్యడం పుట్టుకతో వచ్చిన అలవాటు. కిటికీలో కుట్టుమిషన్ నూనె సీసా ఉంది, ఇంకేముంది. తర్వాత నేనెంత అవస్థపడినా ప్రోగ్రాం ఎక్కలేదు. మేడమ్ వచ్చి రికార్డర్ మూత తీసి చూస్తే టేపును లాగే రబ్బరు చక్రం నూనెతో నిగనిగలాడుతోంది.

నాన్న దాచలేదు. “నేనే ఏసినానమ్మా. కిర్రుమంటాంటే నూనె సాలలేదనుకుంటి” అన్నాడు తల వంచుకుని. అంత పొడుగు మనిషి అలా కుంచించుకుపోవడం నేనెప్పుడూ చూడలేదు. నా చదువు ఆ చుక్కలో మునిగిపోయిందని ఏడుపొచ్చింది.

మేడమ్ మాత్రం స్పిరిట్ సీసా, కాస్త దూది తెచ్చి ఆయన చేతికే ఇచ్చారు. “మగ్గానికైతే సరైన పనే అన్నా. ఇది జారకూడదు, టేపును పట్టుకోవాల. నువ్వే తుడువు” అన్నారు. పసిబిడ్డ చెవి తుడిచినంత నెమ్మదిగా నాన్న తుడిచాడు. అది బాగా ఆరాలి, అవతల ఉరుకుంద బస్సుకు వేళవుతోంది. మేడమ్ నా వైపు తిరిగి, “టేపు లేకుంటే ఏమి? రాసింది నువ్వే కదా, మళ్లీ రాయి” అన్నారు.

మొదటినుంచి కొట్టాను. ఒకచోట తప్పింది. అదేమిటో ఆవిడకు తెలుసు, చెప్పలేదు. వెతుక్కుని దిద్దాను. అంచు తెర మీదికి వచ్చింది. నాన్న వేలితో గాజు మీద దాన్ని తడిమి, పువ్వుకూ పువ్వుకూ నడుమ జాగా ఇంకొంచెం ఉండాలన్నాడు. నేనొక అంకె మార్చాను, అంచంతా మారిపోయింది. మగ్గం మీదైతే నేసిందంతా విప్పాల్సిన పని. ఆయన సంచీ భుజానికెత్తుకున్నాడు.

“తిరునాళ్లకు నేనొక్కన్నే పోతా. నువ్వు ఈడే ఉండు” అన్నాడు.

ఆ తర్వాత నా బతుకంతా కంప్యూటర్ల మధ్యనే గడిచింది. మేడమ్ ఇప్పుడు లేరు. ఆ రోజు ఆవిడ ముఖం ఒక్క క్షణం చిట్లించి ఉంటే నాన్న సిగ్గుతో లేచి వెళ్లిపోయేవాడు, నేనూ ఆయన వెంట పోయేదాన్ని. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఏదో ఒకటి ఎక్కించబోయి మెషిన్ మొత్తం పాడుచేసి బిక్కచచ్చి నిలబడతారు. క్షణంలో బాగుచెయ్యాలని నా చేతులు దురదపెడతాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని, “నువ్వే తుడువు” అని పక్కన కూర్చుంటాను. తుడవడానికి అక్కడేముందో వాళ్లకు అర్థం కాదు, అయినా పని మొదలుపెడతారు.