పొద్దున్నే పెట్టేసిన సంతకాలు

ఆసుపత్రి సెల్లార్‌లో, ఆపరేషన్ సామాన్లకు ఆవిరి పట్టే గదికి పదకొండేళ్ళుగా ఇన్‌చార్జి అయిన ఆవిడకి జపమాల అంటే ఒళ్ళు మంట. మధ్యలో వచ్చిన మంట కాదది, మొదటిరోజు నుంచీ ఉన్నదే. అసలు ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన ఆ మనిషి ఏప్రాన్ జేబులో పూసలదండ వేసుకుని, ఆవిరి మిషను తలుపు బిగించే ముందు సిలువ గుర్తు వేసుకోవడం చూసి, "ఇదిగో జపమాలా, ఈ మిషను కరెంటుతో నడుస్తుంది, ప్రార్థనతో కాదు" అంది. గదిలో ఉన్న నలుగురూ గొల్లుమన్నారు.

"మిషను కోసం కాదు మేడమ్, నా కోసం. దానికంటే ముందు నేను వేడెక్కుతాను" అని ఆ కొత్త మనిషి కూడా నవ్వేసింది. ఇన్‌చార్జికి గాలి తీసేసినట్టయింది. ఎగతాళి చేస్తే ముడుచుకుపోయే మనిషిని భరించవచ్చు. నవ్వేసే మనిషిని ఏం చేసుకుంటాం?

భక్తురాలంటే నోట్లో నాలుక లేకుండా, తల వంచుకుని పడి ఉంటుందని ఇన్‌చార్జి అనుకుంది. జపమాల అలాంటిది కాదు. చేతి తొడుగులు చిరిగాయంటే స్టోర్ గుమాస్తా మీద ఒంటికాలి మీద లేచేది. ఆ అరుపులు లిఫ్టు దాకా వినిపించేవి. శుక్రవారం మాంసం ముట్టదు గానీ ఎదుటివాళ్ళ బిస్కెట్లు మాత్రం అడక్కుండా తినేసేది. కత్తెరలు తోముతూ చర్చి పాటలు పాడేది, ఒక్కటీ శ్రుతిలో ఉండదు. భర్త బడి వ్యాను నడుపుతాడు. రెండు గదుల ఇంట్లో అతనూ, ఇద్దరు ఆడపిల్లలూ, ఒక అత్తగారూ. ఆ అత్తాకోడళ్ళు తగువు పడితే ఎవరూ ఓడిపోరని వీధంతా చెప్పుకుంటారట.

ఇదంతా ఇన్‌చార్జి ఎలాగో ఓర్చుకునేది. ఓర్చుకోలేనివి సోమవారాలు.

శనివారం సాయంత్రం డ్యూటీ దిగగానే జపమాల పాపసంకీర్తనానికి వెళ్ళేది. ఫాదర్ గారి దగ్గర మోకరించి, వారంలో చేసిన తప్పులన్నీ చెప్పుకుని వచ్చేది. అక్కడితో ఆగితే ఎవరికి నష్టం? సోమవారం పొద్దున్నే వచ్చి, వారమంతా ఎవరెవరి మీద నోరు పారేసుకుందో వాళ్ళందరి ముందూ వరసగా నిలబడేది. "గురువారం మిమ్మల్ని దొంగ అన్నానండీ. అది తప్పు. తొడుగులు చిరిగినవే పంపారు, అందులో తేడా లేదు. కానీ దొంగ అనకూడదు" అని స్టోర్ గుమాస్తాకి చెప్పినరోజు పాపం అతనికి టీ పొలమారింది. ఎటు చూడాలో తెలియక గోడ మీద క్యాలెండర్ చూశాడు.

"వారమంతా మురికి చేసుకోవడం, శనివారం ఉతుక్కోవడం! మన లాండ్రీ కూడా ఇంత టైముకి నడవదు" అని ఇన్‌చార్జి అందరికీ వినిపించేలా అంది. ఈసారి ఇద్దరే నవ్వారు. ఆవిడ అది గమనించింది.

మూడు నెలలు తిరిగేసరికి స్టోర్ గుమాస్తా ఒకరోజు తనంతట తానే మెట్లు దిగి వచ్చాడు. దూది చుట్టలు తగ్గాయంటే ఏళ్ళ తరబడి ఎలుకల మీదికి నెట్టేసిన మహానుభావుడు, "నేనే పై వార్డుకి పంపేశానండీ, మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాడు.

"ఒంట్లో బాగానే ఉందా?" అంది ఇన్‌చార్జి.

"ఆవిడ అలా ఎదురుగా నిలబడి చెప్పేస్తుంటే, మనకేం మాయరోగం అనిపిస్తుందండీ" అన్నాడతను, చెవి గోక్కుంటూ.

క్రిములను చంపడమే పనిగా పెట్టుకున్న గదిలో, తన కళ్ళముందే, ఈ అంటురోగం పాకుతోందని ఇన్‌చార్జి పళ్ళు పటపట కొరికింది.

ఇక ఆ మంగళవారం సంగతి. కత్తులూ కత్తెరలూ కడిగి, ఆకుపచ్చ గుడ్డలో కట్టలు కట్టి, ఒక టేపు అంటిస్తారు. ఆ టేపు మీద లేతగా గీతలుంటాయి. మిషనులో ఆవిరి తగిలితే అవి నల్లబడతాయి. తోపుడుబండి బయటికి రాగానే ఒక్కో కట్టా తిప్పి, గీతలు నల్లబడ్డాయో లేదో చూసి, రిజిస్టర్‌లో ఆ గంటకి ఎదురుగా సంతకం పెట్టాల్సింది ఇన్‌చార్జి. ఆవిడ ఆ సంతకాలు పొద్దున్నే, టీ తాగుతూ, పేజీ మొత్తం పెట్టేసేది. ఎనిమిది గళ్ళు, ఎనిమిది సంతకాలు. ఇన్నేళ్ళలో ఒక్క కట్టకీ తేడా రాలేదు, మోకాళ్ళు చూస్తే వంగనంటున్నాయి, ఇంకెందుకు చూడటం?

ఆ మధ్యాహ్నం ఇన్‌చార్జి అందరిముందూ జపమాల పాటని పట్టుకుని దులిపేసింది. గాడిదలు నయమంది. జపమాలకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా ఉన్న తోపుడుబండిని విసురుగా ఒక్క తోపు తోసి పక్క గదిలోకి పోయింది. మిషనులోకి పోవాల్సిన ఆ బండి వెళ్ళి, తయారైన సామాన్ల పక్కన ఆగింది. అందులో ఐదు కట్టలున్నాయి. వార్డు ఆయా వచ్చి ఐదూ పట్టుకుపోయింది. ఆ గంటకి ఎదురుగా సంతకం పొద్దుటే పడి ఉంది.

నాలుగింటికి జపమాలే కనిపెట్టింది, మిషను ఒక విడత తక్కువ తిరిగిందని. వార్డులన్నిటికీ పరుగెత్తి నాలుగు కట్టలు వెనక్కి తెచ్చింది. ఐదోది అప్పటికే తొందరలో ఎవరో విప్పేశారు. గచ్చు పలకలు పరిచే మేస్త్రీ ఒకతని కాలి పుండుకి ఆ సామానుతోనే కట్టు కట్టారు.

"నాలుగు వచ్చేశాయిగా. అతనికేం కాదులే. నోరు మూసుకుని పని చూసుకో" అంది ఇన్‌చార్జి.

జపమాల ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి, మేట్రన్ గారి దగ్గరికి మెట్లెక్కి పోయింది.

రెండోరోజుకల్లా మేస్త్రీ కాలు బుస్సున పొంగింది. పుండు మళ్ళీ తెరిచారు, పెద్ద మందులు ఎక్కించారు. ముందే తెలిసింది కాబట్టి కాలు దక్కిందని డాక్టరు అన్నాడని గది గదంతా చెప్పుకున్నారు. ఇన్‌చార్జి చెవిన కూడా పడింది. పడి, పుండు మీద కారం చల్లినట్టు మండింది. తర్వాతి శుక్రవారం విచారణ అన్నారు. జపమాల ఉద్యోగం ఊడటం ఖాయమన్నారు. ఇన్‌చార్జి రిటైర్మెంటుకి ఆరు నెలలుంది. మచ్చలేని మనిషన్న పేరొక్కటే ఈ జన్మకి ఆవిడ సంపాదించుకున్నది. ముందస్తు సంతకాల సంగతి బయటపడితే ఆ పేరు కాస్తా గంగలో కలుస్తుంది.

ఇంట్లో ఆవిడకి ఉన్నది తోడికోడలు ఒక్కతే. ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళే, ఇద్దరికీ ఒకే రేడియో, దానికోసం రోజూ తగువే. ఆరిన బట్టలు మడతపెడుతున్న తోడికోడలికి ఇన్‌చార్జి ఈ కథంతా తనకి కావలసినట్టు చెప్పింది.

"మరి నువ్వు చూడలేదా అక్కా?" అంది తోడికోడలు.

"చూశానని సంతకం ఉందిగా."

"సంతకం గురించి కాదు. చూశావా అని."

ఇన్‌చార్జి లేచి రేడియో గొంతు పెంచింది. ఆ రోజు తోడికోడలు తగువుకి రాలేదు. అది మరీ ఒళ్ళు మండించింది.

గురువారం జపమాలని నీళ్ళ తొట్టి దగ్గర నిలదీసింది. "రేపు ఏం చెప్తావ్?"

"నేను చేసింది చెప్తాను."

"నా సంతకం గురించి?"

జపమాల చేతులు తుడుచుకుంది. "నా ఎనిమిదో ఏట మొదటిసారి పాపసంకీర్తనానికి వెళ్ళాను మేడమ్. భయంతో నా తప్పులన్నీ గబగబా చెప్పేసి, మా అన్నయ్య చేసినవి కూడా చెప్పడం మొదలెట్టాను. ఫాదర్ గారు ఆపేశారు. 'మీ అన్నయ్యకి నోరుంది, అతనివి అతను చెప్పుకుంటాడు. నీవి అయిపోయాయా?' అన్నారు. అప్పట్నుంచీ ఎవరిదీ చెప్పను."

బెదిరిస్తుందనో, బేరం పెడుతుందనో ఎదురుచూసిన ఇన్‌చార్జికి ఇది మరీ అవమానంగా తోచింది. "అంటే నా మీద దయ చూపిస్తున్నావా?"

"దయా పాడా! మీ మీద చచ్చేంత కోపంగా ఉంది మేడమ్. నాకంటే గాడిదలు నయమన్నారు. ఎల్లుండి శనివారం ఆ కోపం కూడా చెప్పుకోవాలి" అని జపమాల మళ్ళీ కత్తెరలు అందుకుంది.

శుక్రవారం సూపరింటెండెంట్ గదిలో మేట్రన్ గారు ఒక పక్క, జపమాలా, ఇన్‌చార్జీ ఎదురుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. సూపరింటెండెంట్ రిజిస్టర్ తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టాడు.

"ఇన్‌చార్జి చూసి సంతకం పెట్టారు. అంటే అప్పటికి గీతలు నల్లగానే ఉన్నాయి. ఆ తర్వాత కట్టలు మార్చింది నువ్వే. ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన పని. ఇలా రాస్తే నిన్ను ఏ ఆసుపత్రీ గుమ్మం తొక్కనివ్వదు, తెలుసా?"

"మార్చలేదు సార్. కోపంలో బండి తోశాను, తప్పు చోట ఆగింది. చూసుకోలేదు. అంతే."

"అయితే ఆవిడ చూడకుండా సంతకం పెట్టారంటావా?"

జపమాల మొహం కందిపోయింది. "నా సంగతి ఎంతైనా అడగండి సార్. ఆవిడ సంగతి అడగాలంటే ఆవిడ ఇక్కడే ఉన్నారు."

సూపరింటెండెంట్ ఇటు తిరిగాడు. "ఏమ్మా, చూశారా?"

చూశాను సార్. పది రోజులుగా నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్న మాట. ఇన్‌చార్జి నోరు తెరిచింది. పక్కకి చూసింది. జపమాల బతిమాలుతున్నట్టు చూసినా, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నా, ఆవిడకి అబద్ధం సుఖంగా వచ్చేసేది. జపమాల రెండూ చేయడం లేదు. ఎర్రబడ్డ మొహంతో, కోపంగా, తన గోరు తను గిల్లుకుంటోంది. ఎవరి నోటినుంచీ ఏమీ ఆశించడం లేదు. ఉద్యోగం పోతుందని తెలుసు, ఇంట్లో నలుగురున్నారని తెలుసు, ఒక్క మాటతో బయటపడవచ్చనీ తెలుసు. అయినా ఆ మాట తనది కాదని ఊరుకుంది.

"చూడలేదు" అంది ఇన్‌చార్జి. "ఆ రోజే కాదు. ఎప్పుడూ చూడను. పొద్దున్నే పేజీ మొత్తం పెట్టేస్తాను. ఏళ్ళుగా."

సూపరింటెండెంట్ కళ్ళజోడు తీశాడు. "ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

"ఈ మనిషి పక్కన కూర్చుని మీరొక అబద్ధం ఆడి చూడండి, మీకే తెలుస్తుంది!" అంది ఆవిడ. జపమాల మీద ఫిర్యాదు చేస్తున్నంత కసిగా అంది. మేట్రన్ గారు తల వంచుకుని, చాలాసేపు ఎత్తలేదు. ప్రతి నెలాఖరునా ఆ పేజీల కింద పడే సంతకం ఆమెది.

ఇన్‌చార్జి పదవి అక్కడికక్కడే పోయింది. మిగిలిన ఆరు నెలలూ నీళ్ళ తొట్టి దగ్గర తోముడు పని. జపమాలని ఒక నెల ఇంట్లో కూర్చుని తర్వాత రమ్మన్నారు. వరండాలోకి రాగానే, ఈవిడిప్పుడు చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటుంది కాబోలని ఇన్‌చార్జి రెండడుగులు దూరం జరిగింది.

"మేస్త్రీది మూడో వార్డు, కిటికీ పక్క మంచం మేడమ్" అంది జపమాల. "నేను మొన్న వెళ్ళొచ్చాను. బాగా తిడతాడు. తోడు రానా?"

"వెళ్తానని నీకెవరు చెప్పారు? నీ తోడూ వద్దు, నువ్వూ వద్దు. నా కొంప కూల్చి ఇంకా వెంటపడతావేం?"

"సరే మేడమ్" అని జపమాల బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఇన్‌చార్జి సెల్లార్ వైపు నాలుగు మెట్లు దిగింది. ఆగింది. జపమాలనీ, ఆ మనిషిని కన్నవాళ్ళనీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెనక్కి తిరిగి మూడో వార్డు దాకా ఎక్కింది.

మేస్త్రీ కాలు దిండు మీద ఎత్తిపెట్టి ఉంది. వేళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు వదల్లేదు. ఆవిడ మంచం పక్కన నిలబడి చెప్పింది. "కట్టలన్నీ చూసి సంతకం పెట్టాల్సింది నేను. చూడకుండా పెట్టాను."

అతను మోచేతుల మీద లేచాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళని తిట్టాడు, కుర్చీని తిట్టాడు, తినే అన్నాన్ని తిట్టాడు. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. తనని అంతలేసి మాటలన్నవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. తిరిగి అనడానికి ఆవిడ దగ్గర మాటలకేం కరువు లేదు, అయినా ఒక్కటీ వాడలేదు.

"అదే నీ కాలైతే చూసేదానివా?" అన్నాడు చివరికి, ఆయాసపడుతూ.

ఇన్‌చార్జి అతని కాలు వైపు చూసింది. "చూసేదాన్ని" అంది.

అతను మళ్ళీ అందుకున్నాడు. ఆవిడ కదలకుండా నిలబడింది.