పేరు లేని తీర్మానం

నాకు ముక్కు మీదే కోపం. ఆ రోజుల్లో మరీను. ఆదోని కోర్టులో వకీలుగా పదేళ్లు నిండాయన్న గీర కూడా దానికి తోడు.

ఎమ్మిగనూరులో నూలు డిపో ముందు బైఠాయించిన నేతగాళ్లను పోలీసులు పట్టుకొస్తే, వాళ్లకు జామీను ఇప్పించాను. నేను చేసింది అంతే. ఆ వారమే ఎమ్మిగనూరు సభలో ఒక నాయకుడు మైకు ముందు నా పేరెత్తి, నేతగాళ్లను రెచ్చగొట్టి కేసులు పుట్టించే వకీలునని, నల్లకోటు కింద వేరే జెండా దాచుకున్నానని అన్నాడు. మరునాటికి ఆ మాట బస్సెక్కి ఆదోని చేరింది. గోనెగండ్ల నుంచి వచ్చే రైతులు నా బల్ల దాకా వచ్చి, నన్ను చూసి, పక్క బల్ల దగ్గరికి జరిగేవాళ్లు. మా బావమరిది ఇంటికొచ్చి, ఆ సంగతి ఎత్తకుండానే అన్నం తిని పోయాడు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నాకు కావలసింది ఒక్కటే. ఫలానా మనిషి తన పని తాను చేశాడు, అతని తప్పు లేదని మా వకీళ్ల సంఘం నా పేరు పెట్టి ఒక తీర్మానం చేయాలి. దానికోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను.

శనివారం కోర్టు అయ్యాక ప్లీడర్ల గదిలో అందరూ చేరారు. నా పక్కన రెండు కుర్చీలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. కార్యదర్శి బీరువాలోంచి పాత మినిట్సు పుస్తకం తీశాడు. మా వకీళ్ల అలవాటు అది. మేం ఏ పని చేయాలన్నా అంతకు ముందు ఎవరో ఒకరు చేసి ఉండాలి. సంతాపమైనా, వీడ్కోలైనా పాత పుస్తకంలో వెతికి, తేదీ మార్చి ఎక్కించడమే. ఆయన వెతికాడు, దొరికింది, చదివాడు. ఇంగ్లీషులో ఉన్నదానికి తెలుగు ఇది: వృత్తి గౌరవం అందరి బాధ్యత, సభ్యుల గురించి బహిరంగ సభల్లో మాట్లాడే పెద్దలు సంయమనం పాటిస్తారని ఈ సంఘం ఆశిస్తున్నది.

అందులో నా పేరు లేదు. ఆ నాయకుడి పేరూ లేదు. ఆయన అన్నది నిజమో అబద్ధమో అసలే లేదు. నాకు ఒళ్లు మండింది. లేచి, ఈ గోడమీద పిల్లి వాటం రాత ఎవరిదని అడిగాను.

కార్యదర్శి పుస్తకం నా వైపు తిప్పాడు. ఆయన గొంతులో ఎగతాళి కూడా లేదు.

"నువ్వు రాసిందే కదప్పా. మీ సీనియరును సభలో తిట్టినప్పుడు. అప్పుడు కార్యదర్శివి నువ్వే."

అక్షరాలు నావే. ఆరేడేళ్ల కిందటి మాట. నాకు పని నేర్పిన ఆ పెద్దాయన తుగ్గలి కూలీల కేసు పట్టినందుకు ఇంకో నాయకుడు ఆయన్ను నానా మాటలన్నాడు. "నా పేరు ఒక తూరి రాస్తే ఏం పోయింది?" అని ఆయన నన్ను అడిగాడు. "సంఘం ఒక్క మనిషిది కాదు సార్" అని నేను గొప్పగా చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ప్లీడర్ల గదిలో కిటికీ దగ్గర ఒక్కడే కూర్చునేవాడు. ఏడాది తిరక్కుండానే కోర్టు మానేసి సొంత ఊరు ఎమ్మిగనూరు పోయాడు. కేసుల పని మీద ఎన్నోసార్లు ఆ ఊరు పోయిన నేను, ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు.

తీర్మానానికి అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను. ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆయన అరుగు మీద చాప వేసుకుని కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. సభ వాళ్ల వీధికి దగ్గర్లోనే జరిగిందట, అంతా విన్నాడట. నిలబడే ఉన్నాను. క్షమించమందామనే వచ్చాను.

"తీర్మానం చేసినారా?" అన్నాడు.

చేశారన్నాను.

"నీ పేరు రాసినారా?"

లేదన్నాను. ఏ తీర్మానమో ఆయనకు తెలిసిపోయినట్టుంది. వీధిలో మగ్గాల చప్పుడు వినిపిస్తూ ఉంది. చాప మీద ఒక పక్కకు జరిగాడు.

"ఈడ కూర్చోప్పా" అన్నాడు.

కూర్చున్నాను. ప్లీడర్ల గదిలో ఆ కిటికీ దగ్గర ఆయన పక్కన నేను ఒక్కరోజు కూడా కూర్చోలేదు.