సున్నా వచ్చేదాకా మోటారు బంద్

నలభై ఎనిమిది ఇళ్లకు పది రోజులు నీళ్లు లేకుండా చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ మనిషి నేనే. ఆ ఏడు కరువు లేదు. మోటారు కాలిపోలేదు. కార్పొరేషన్ వాళ్ల తప్పు అసలే లేదు. ఒక తెల్లకాగితం మీద నేను రాసిన రెండే రెండు వాక్యాలు ఆ పని చేశాయి. చదివి నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ లలిత నాలుగేళ్ల నుంచి నవ్వుతూనే ఉంది, ఇంకా అలిసిపోలేదు.

మేముండేది సూరత్‌లో, పాండేసరా మిల్లుల పక్కనున్న వడోద్‌లో. మగ్గాల మీంచి దిగిన తానులు కొలిచి రాసుకోవడం నా ఉద్యోగం. చదివింది ఏడో తరగతి. దశాంశాలు, శాతాలు, సరాసరులు అన్నీ పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బుంటుంది. నేర్చుకున్నది ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టదు. టమాటాల తూకంలో కూడా నేను మూడో దశాంశం దాకా వెళ్లేవాణ్ని. దూరం నుంచి నన్ను చూస్తే కూరగాయల బండి పక్క సందులోకి తిరిగేది.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు పద్మ వచ్చింది. పద్మ మా సొసైటీ, అంటే మా నలభై ఎనిమిది ఇళ్ల కాలనీ, మొదటి ఇంట్లో మెస్ నడుపుతుంది. మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లకు అన్నం, పప్పు, పచ్చిపులుసు డబ్బాల్లో పంపుతుంది.

"రాజేశమన్నా, ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీల రెండు నూర్ల డబ్బాల ఆర్డర్ వచ్చేటట్టున్నది. కానీ వాళ్లు రెండు కాగితాలు అడుగుతున్నరు. నీళ్ల టెస్టు రిపోర్టు ఒకటి. బోరు నీళ్లు ఎప్పుడు వాడాల్నో ఎప్పుడు బంద్ చెయ్యాల్నో సొసైటీ రాసిన రూలు ఒకటి. పై శనివారం లోపల ఇయ్యాలె. లేకుంటే ఆర్డర్ వేరేటోళ్లకు పోతది."

"రూలా? పాలసీ అను చెల్లె, పాలసీ," అన్నాను. ఆ మాట నోట్లో పెట్టుకుంటే మైసూర్‌పాక్‌లా కరిగింది. "నాకొదిలెయ్. పొద్దుగూకేలోపల రాసిస్త."

నిజంగానే రాశాను. ఇదిగో, ఆ ఘనకార్యం అక్షరం పొల్లుపోకుండా: "బోరు నీళ్లలో ఏ విషపదార్థమైనా సున్నాకు మించి ఉంటే ఆ క్షణం నుంచి మోటారు బంద్. మళ్లీ సున్నా వచ్చేదాకా తాళం తియ్యరాదు."

చూడండి, ఎంత కచ్చితంగా ఉందో! సొసైటీ పెద్ద నర్సయ్య తాత కళ్లద్దాలు పైకెత్తి చదివి, "విషం ఉండద్దనే కదా, మంచిదే రాసినవ్ బిడ్డా" అని సంతకం పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. మోటారు గది తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. ఏదో రాజ్యం నా నడుముకు వేలాడుతున్నట్టు అనిపించింది.

పద్మ అంతకుముందే బోరు నీళ్లు పంపిన కడోదరా దగ్గరి ల్యాబ్ నుంచి మర్నాడు రిపోర్టు వచ్చింది. పదకొండు పదార్థాల పేర్లు, పక్కన అంకెలు. ఒక్కచోట కూడా సున్నా లేదు! క్రోమియం ఎదురుగా "0.01 కన్నా తక్కువ" అని ఉంది. మిగతా పదీ అదే వరస: దీనికన్నా తక్కువ, దానికన్నా తక్కువ. ల్యాబులో పనిచేసేది మన తెలుగుపిల్లే, స్రవంతి. సూరత్‌లోనే పుట్టి పెరిగింది. వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా స్రవంతీ, క్రోమియం ఉన్నట్టా, లేనట్టా?"

"దొరకలేదు అంకుల్. మీ నీళ్లు ఏక్‌దమ్ బరాబర్ ఉన్నయ్."

"దొరకకుంటే సున్నా అని రాయాలె గదా?"

"సున్నా అని ఏ మిషనూ చెప్పలేదు అంకుల్. ప్రతి మిషన్ చూపుకు ఒక హద్దు ఉంటది. మా మిషన్ హద్దు 0.01. దానికి కింద ఉంటే మాకు కనపడదు. తాగే నీళ్లల్ల 0.05 దాకా చల్తా హై."

"అంటే 0.009 ఉండొచ్చన్నమాట!"

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా కూడా..."

ఆ తర్వాత ఆమె చెప్పింది నేను వినలేదు. ఒప్పేసుకుంది కదా, ఇంకేం వినాలి? వెళ్లి మోటారు గదికి తాళం వేశాను. రెండు సార్లు లాగి చూశాను కూడా.

గంటలో సొసైటీ మొత్తం మా గడపలో ఉంది. బిందెలతో కొందరు, ఒంటి మీద సబ్బు నురగతో ఒకరు.

"గిదేందన్నా!" అంది పద్మ. "నీళ్లు మంచిగున్నయని రిపోర్టు వస్తె తాళమేస్తవా? అన్నం ఎట్ల వండాలె నేను?"

"రూలు రూలే చెల్లె. సంతకం నువ్వు కూడా పెట్టినవ్."

"నువ్వు గింత పిచ్చోనివని తెలిస్తె పెట్టేదాన్నా?"

ట్యాంకర్ తెప్పించాం. అది మా సందులోకి తిరగలేక రోడ్డు మీదే ఆగింది. నలభై ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు బిందెలు మోస్తూ వరసగా మా గుమ్మం ముందు నుంచే పోవాలి. ఒక్కొక్కరూ పోతూ పోతూ లోపలికి ఒక చూపు విసిరేవారు. అలాంటి తొంభై ఆరు చూపులు తగిలితే మనిషికి జ్వరం రావాలి. నాకు రాలేదు. నా వెనుక దశాంశాలున్నాయి.

"ఇంకా మంచి మిషన్ మీద చూపిద్దాం, సున్నా తప్పకుండా వస్తది" అని పద్మకు ధైర్యం చెప్పి, మరో సీసా అదే ల్యాబుకు పంపాను. పెద్ద మిషన్, సన్నచూపు మిషన్. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. క్రోమియం 0.002!

వెంటనే గ్రాఫు కాగితం తీసి గీత గీశాను. "చూసినవా లలితా! మొన్న దొరకనిది ఇయ్యాల 0.002 దొరికింది. గిట్లనే పెరుగుకుంట పోతే ఏడాది తిరిగేసరికి మన బిందెలకు దానంతట అదే క్రోమియం పూత పడ్తది!"

లలిత చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గ్రాఫు చూసింది. "ఏమయ్యా, మొన్న 0.009 ఉండొచ్చంటివి. ఇయ్యాల 0.002 అంటున్నవ్. తగ్గినట్టా, పెరిగినట్టా?"

గ్రాఫు మడిచి జేబులో పెట్టుకుని, "నీకు దశాంశాలు తెల్వయి" అన్నాను.

శనివారం దగ్గరికొస్తోంది. ట్యాంకర్ నీళ్లతో పద్మ పాత డబ్బాలే సగం పంపగలుగుతోంది, ఇక రెండు వందల కొత్త డబ్బాల మాటేమిటి? ఆమె ముఖం చూస్తే నాకూ జాలేసింది. కాబట్టి బుద్ధి తెచ్చుకుని తాళం తీశానని అనుకుంటున్నారా? లేదు. సున్నా ఇచ్చే ల్యాబు కోసం వెతికాను!

వెతికితే దొరకనిదేముంది. ఒక మార్కెట్ మెట్ల కింద అరగదిలో ఒకాయన నీళ్ల పరీక్ష చేస్తున్నాడు. "సీసా నువ్వే పట్టుకపో చెల్లె" అని పద్మను పంపాను. సాయంత్రానికల్లా రిపోర్టు. పదకొండు పదార్థాలకూ ఒకటే మాట: నిల్, నిల్, నిల్. గజ్జెల చప్పుడులా ఉంది నా చెవులకు.

"చూసినవా చెల్లె! నిజమైన ల్యాబు అంటే గిది. ఆ పెద్ద మిషనోళ్లు ఉత్తగ భయపెట్టిన్రు. రేపు శనివారం, పొద్దున అందరి ముందు తాళం తీస్త. ఈ రిపోర్టు తీసుకొని ఇచ్ఛాపూర్ పో."

పద్మ "సరే అన్నా" అని రిపోర్టు మడిచి కొంగున కట్టుకుంది. అప్పుడే నేను అనుమానపడి ఉండాల్సింది. పద్మ నా మాటకు ఎదురు చెప్పకపోవడమంటే సూరత్‌లో మగ్గాలన్నీ ఒకేసారి ఆగిపోవడమే.

శనివారం పొద్దున మోటారు గది ముందు అందరూ చేరారు. నర్సయ్య తాత కుర్చీలో కూర్చున్నాడు. పక్కన స్రవంతి కూడా ఉంది, పద్మ పిలిపించిందట. నేను గొంతు సవరించుకునేలోపు పద్మ ఒక స్టూలు తెచ్చి నా ముందు వేసింది. దాని మీద రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. రెండోదాంట్లోవి దానిమ్మ రసంలా ఎర్రగా ఉన్నాయి.

"ఇవేంది చెల్లె?"

"ఎర్రవి మిల్లు వెనక మోరీ నీళ్లన్నా. నీ మెట్ల కింద ల్యాబుకు బోరు సీసాతో పాటు ఈ సీసా కూడా ఇచ్చిన. గిదిగో రిపోర్టు. పదకొండుకు పదకొండు నిల్!"

జనం గొల్లుమన్నారు.

"ఇగ ఈ తెల్లనివి మీ ఇంట్ల ఫిల్టర్ నీళ్లు. వదినెనే పట్టిచ్చింది. నాలుగు రోజుల కిందనే పెద్ద మిషన్ మీద పెట్టిచ్చిన. '0.001 కన్నా తక్కువ' అని వచ్చింది. సున్నా రాలే."

లలిత వైపు చూశాను. ఆమె ఆకాశంలోకి చూస్తోంది.

స్రవంతి నవ్వాపుకుంటూ చెప్పింది: "అంకుల్, ఆ మెట్ల కింద చిన్న మిషన్‌కు 0.5 దాటితేనే కనపడతది. తాగే నీళ్లకు హద్దు 0.05. అంటే హద్దుకు పదింతలు విషం ఉన్నా అది నిల్ అనే రాస్తది. కళ్లజోడు లేకుండ ఇల్లంత చూసి చీమలు లేవని రాసిచ్చినట్టు. మీ రూలు ఎట్లుందంటే, మిషన్ ఎంత గుడ్డిదైతే నీళ్లు అంత మంచివి!"

"రూలు నీదే అన్నా," అంది పద్మ, రెండు గ్లాసులూ ముందుకు జరుపుతూ. "సున్నా వచ్చిందే తాగాలె. తీసుకో."

"సంతకం మేం గూడ పెట్టినం బిడ్డా," అన్నాడు నర్సయ్య తాత గంభీరంగా. "నువ్వు తాగితే మేం గూడ తాగుతం. జర ముందు నువ్వు కానియ్."

ఎర్ర గ్లాసు వైపు చూశాను. తెల్ల గ్లాసు వైపు చూశాను. ముప్పై ఏళ్లుగా నేర్చుకున్న లెక్కలన్నీ ఒక్కసారి నెమరేసుకున్నాను. ఆఖరికి గంభీరంగా చెప్పాను:

"ఇయ్యాల నాకు ఉపాసం. నీళ్లు గూడ ముట్ట."

"పొద్దుగాల ఆరు ఇడ్లీలు తిన్నడు!" అని వెనక నుంచి లలిత అరిచింది.

తాళంచెవి నా మొలతాడు నుంచి ఎవరు తీశారో నాకు తెలియదు. నవ్వులో ఏదీ కనిపించలేదు. స్రవంతి నా కాగితం కొట్టేసి కొత్త రూలు రాసింది: తాగే నీళ్లకు ఉన్న హద్దు దాటితే బంద్. ఆ హద్దుకు బాగా కిందిదాకా చూడగల మిషన్ మీదే పరీక్ష. దొరకకపోతే దొరకలేదనే అర్థం, తాళం వెయ్యాలని కాదు. మొత్తం పది నిమిషాల పని. దానికి జతచేసిన రిపోర్టు ఏదో తెలుసా? మొట్టమొదటిదే. అంటే తాళం అసలు పడకుండానే అంతా అయిపోవాల్సింది. మధ్యాహ్నానికి పద్మ స్కూటర్ మీద ఇచ్ఛాపూర్ చేరింది. ఆర్డర్ వచ్చింది. మొదటి రోజు డబ్బాలకు రెండు వందల మందికి సరిపడా చింతపండు పిసికే పని నాకు పడింది, అది శిక్షో సన్మానమో నేను అడగలేదు.

ఇక నా ప్రతిజ్ఞ. నలభై ఎనిమిది ఇళ్ల బిందెల సాక్షిగా, పది రోజులు సందు చివర హారన్ కొట్టిన ట్యాంకర్ డ్రైవర్ సాక్షిగా చెబుతున్నాను: నా కన్ను ఎంతదాకా చూడగలదో తెలుసుకోకుండా ఇకపై దేన్నీ "లేదు" అనను. ఈ ప్రతిజ్ఞను నేను తప్పే అవకాశం ఎంత అని లలిత నిన్న అడిగింది. సున్నా అనబోయి నాలుక కరుచుకుని, "0.01 కన్నా తక్కువ" అన్నాను.