మేనత్త ఓడిపోయిన ఆదివారం

మొన్న జనగామలో మా ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. భూపాలపల్లిలో క్వార్టర్ మారుతున్న మా అన్న, కొత్త ఇంట్లో చోటు లేదంటూ తన వీడియో గేమ్ డబ్బా తెచ్చి మా దగ్గర పడేసి పోయాడు. ఇంకా పని చేస్తుందో లేదో చూద్దామని మా ఆయన దాన్ని టీవీకి తగిలించి, ఇద్దరు మనుషులు కొట్టుకునే ఆట ఒకటి పెట్టాడు. ముందు గదిలోంచి ధబ్బుమని తన్నిన చప్పుడు, దాని వెనకే ఎవరో నేల మీద పడి మూలిగిన చప్పుడు వచ్చాయి. అమ్మ చాట పక్కన పెట్టి లేచి బయటికి పోయి గేటు దగ్గర నిలబడింది. నేను మా ఆయనను ఆపేయమన్నాను. ఆ మూలుగు వింటే అమ్మకు మా మేనత్త గుర్తొస్తుంది. మేనత్త గుర్తొస్తే ఆ పూట అమ్మకు అన్నం సయించదు.

మేనత్త అంటే మా బాపుకు అక్క. తొర్రూరులో ఉంటుంది. ఆమె నోటికి భయపడని మనిషి మా చుట్టాలలో లేడు. నా పెళ్లిలో, అందరూ అక్షింతలు పట్టుకొని నిలబడి ఉండగా, పెళ్లికొడుకును కింది నుంచి మీది దాకా చూసి, "పిల్లగాడు మంచిగనే ఉన్నడు గని, ఇంకో బెత్తెడు ఉంటే బాగుండు" అంది. ఇన్నేళ్లయినా ఆమె ఇంటికి వస్తే మా ఆయన కుర్చీలోంచి లేవడు. కూర్చుంటే కొలత తెలియదని ఆయన ధీమా. అట్లాంటి మనిషికి ఎవరి మీదనైనా జాలి కలగడం నేను ఎప్పుడూ చూడలేదు, తన మీద తనకు కూడా.

బాపు నెల్లికుదురు దగ్గర మా ఊరికి సర్పంచిగా చేసినవాడు. తరువాత మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం. అక్కడే ఒక వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే దారికొచ్చింది కానీ కుడి చెయ్యి రాలేదు. వేళ్లు కదిలిస్తూ ఉండాలని దవాఖానలో రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్న చిన్న పిలగాన్నా?" అని దాన్ని గోడ అవతలికి విసిరేశాడు, అదీ ఎడమ చేత్తో. అప్పుడు మా అన్నకు ఈ డబ్బా ఆలోచన వచ్చింది. భూపాలపల్లి బొగ్గు గనుల ఆఫీసులో వాడూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి కొనుక్కొని, డ్యూటీలను బట్టి వంతులు వేసుకొని ఆడుకునేవాళ్లు. ఆదివారం పూట ముగ్గురూ కలిసి దాన్ని మహబూబాబాద్ తెచ్చి బాపు ముందు పెట్టారు. బాపు దాన్ని డబ్బా అన్నాడు, చేతిలో పట్టుకునేదాన్ని రిమోట్ అన్నాడు, తెర మీద అందరికంటే లావుగా కండలు తిరిగి ఉన్నవాణ్ణి తన మనిషిగా పెట్టుకున్నాడు. ఇక అక్కడినుంచి గెలుపే గెలుపు. అన్న ఓడాడు, జనగామ నుంచి నాతో వచ్చే మా ఆయన ఓడాడు, ఆఫీసు స్నేహితులు ఇద్దరూ "కాకా, నీతోని మాతోని కాదు" అని నెత్తిన చేతులు పెట్టుకొని మరీ ఓడారు. సర్పంచిగా ఉన్న రోజుల్లో పేకాటలో కూడా ఊరంతా ఆయనకు ఇట్లాగే ఓడేది. అది కూడా తన తెలివేనని ఆయన నమ్మకం.

నాలుగైదు ఆదివారాలు ఇట్లా గడిచాక మేనత్త తమ్ముణ్ణి చూడడానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక ఆట మొత్తం చూసింది. "ఏంది గిది? ఎట్ల ఆడుతరు? జర నాకియ్యిండ్రి" అని అన్న చేతిలోది గుంజుకుంది. తెల్ల గడ్డం, చేతిలో కట్టె ఉన్న ఒక ముసలివాణ్ణి ఏరుకుంది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో కాసేపు నొక్కి చూసి, కింది నుంచి కాళ్ల మీద తన్నేది ఒకటి కనిపెట్టింది. ఇక వేరేది ముట్టుకోలేదు. బాపు కండల మనిషి లేవడం, ముసలివాడు తన్నడం, వాడు పడి మూలగడం. బాపు బొటనవేలు బటన్ మీద నిలిచేది కాదు. "వేలు జారిందక్కా, ఆగు జర!" అని అరిచేవాడు. "కొట్లాటల ఆగుమంటే ఎవడన్న ఆగుతడా తమ్మీ?" అంటూనే ఆమె ఇంకో తన్ను తన్నేది. రిమోట్ మంచిది కాదని ఆయన అంటే, "ఆడలేక మద్దెల ఓడన్నడట" అని తనది ఆయనకు ఇచ్చి, ఆయనది తను తీసుకొని మళ్లీ ఓడగొట్టింది. గెలిచిన ప్రతిసారీ తన కుడి చేతిని ఆయన చెయ్యిలాగే వంకర తిప్పి చూపించి నవ్వేది. గది నిండా మనుషులున్నా ఒక్కరమూ తల ఎత్తలేకపోయేవాళ్లం.

ఆ తరువాత ఆమె ప్రతి ఆదివారం బస్సెక్కి రావడం మొదలుపెట్టింది. ఎందుకో తెలియదు కానీ బాపు కూడా పొద్దున్నే గడ్డం గీయించుకొని, ఉతికిన అంగీ వేసుకొని ఆమె కోసం కూర్చునేవాడు. వారమంతా ఎడమ చేత్తో కుడి బొటనవేలిని పట్టి నొక్కించుకుంటూ సాధన చేసేవాడు. ఒకరోజు నాతో అన్నాడు. "మీరందరు కావాల్నని నాకు ఊకెనే ఓడిపోయిండ్రని నాకిప్పుడు ఎరుకైంది బిడ్డా. గామె ఒక్కతే అబద్ధం ఆడదు. గామెను ఒక్కసారి కొట్టాలె. ఒక్కసారి సాలు." అప్పటికి ఆయన వేళ్లలో కొంచెం కదలిక వచ్చింది కూడా. అదంతా మేనత్త పుణ్యమేనని, పైకి కఠినంగా ఉన్నా లోపల ప్రేమేనని అన్న తీర్మానించాడు. నేనూ నమ్మి, "నీ వల్లనే బాపు చెయ్యి బాగైతాంది అత్తమ్మా" అన్నాను. "నీ మొఖం. వాన్ని కొడితే నాకు సంబురమైతది, గంతే" అంది.

అమ్మకు మాత్రం ఈ సంబరం గొంతులో ముల్లయింది. ఓడిపోయిన ఆదివారం బాపు అన్నం ముందు కూర్చొని లేచిపోయేవాడు, బీపీ పెరిగేది. ఒకరోజు ఆట మొదలుకాక ముందే అమ్మ మేనత్తను వంటింట్లోకి పిలిచింది. నేను జొన్న రొట్టెలు చేస్తున్నాను. "వదినె, ఆయన తింటలేడు. ఒక్కసారి ఓడిపో వదినె, నీ కాళ్లు మొక్కుత. నీ సొమ్మేం పోతది?" అంది. మేనత్త పొయ్యి మీది రొట్టె మాడుతుంటే తనే తిప్పింది. "మమ్ముల కన్న అవ్వ గూడ గిట్లనే అంటుండె" అంది. "తమ్మునితోని అష్టాచెమ్మ ఆడితే, మొగపిలగాడు ఏడుస్తడు, నువ్వే ఓడిపో బిడ్డా అంటుండె. పెండ్లయి పొయ్యేదాక వానికి ఓడిన. గెలిచి లేచి పోతుండె, ఇంకో ఆట ఆడరా అంటే ఆడకపోతుండె. గిప్పుడు నువ్వొచ్చినవా?" అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చింది. మేనత్త చెయ్యి విడిపించుకొని ముందు గదిలోకి పోయింది.

ఆ రోజు తెల్లగడ్డం ముసలివాడు తన్నాడు కానీ, తన్నవలసిన చోట ఒక్క క్షణం ఆలస్యంగా తన్నాడు. మాకందరికీ తెలిసిపోయింది. బాపుకు తెలియలేదు. చివరి దెబ్బకు ముసలివాడు వెల్లకిలా పడగానే బాపు పక్షవాతం చెయ్యిని కూడా పైకెత్తి కేక పెట్టాడు. పక్కింటివాళ్లు ఏమైందోనని ఉరికొచ్చారు. ఆయన ఇన్నాళ్లు పడ్డ మాటలన్నీ వడ్డీతో తిరిగి ఇచ్చాడు. "కొట్లాటల ఆగుమంటే ఆగుతరా అక్కా?" అన్నాడు. ఆమె చేతి ముడతలను వెక్కిరించాడు, చత్వారాన్ని వెక్కిరించాడు. మేనత్త అన్నీ విని, "ఇంకో ఆట ఆడు తమ్మీ" అంది. "ఎందుకు? నేను గెలిచిన, అయిపోయింది" అని బాపు లేచిపోయాడు.

తరువాత ఆమె వచ్చిన ప్రతి ఆదివారం అదే అడిగింది, ఆయన అదే చెప్పాడు. పాలవాడికి చెప్పాడు, మందుల దుకాణంలో చెప్పాడు, ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ అక్కను ఎట్లా ఓడగొట్టిందీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె పక్కన ఉన్నప్పుడే ఇంకా గట్టిగా చెప్పేవాడు. ఇక ఆడవలసిన పని లేదు కాబట్టి వేళ్లు కదిలించడం మానేశాడు. ఆయన మొహంలో అంత సంతోషం సర్పంచిగా గెలిచిననాడు కూడా చూడలేదని అమ్మ మురిసిపోయింది. ఎండాకాలం రాకముందే రెండోసారి పక్షవాతం వచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే బాపు పోయాడు.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు శోకం పెట్టి ఏడుస్తూ ఆయన చేసిన మేళ్లు ఒక్కొక్కటే ఎత్తుకుంటున్నారు. ఒకామె బాపు వేయించిన బోరింగును తలుచుకుంది, ఇంకొకామె ఇప్పించిన రేషన్ కార్డును తలుచుకుంది. అప్పుడు తొర్రూరు బస్సు దిగి మేనత్త వచ్చింది. తల దగ్గర కూలబడి, ఆయన కుడి చేతిని ఒళ్లో పెట్టుకొని, అందరికంటే గట్టిగా రాగం ఎత్తింది. "నువ్వు గెలువలేదురో తమ్మీ... నీ పెండ్లాం ఓడుమంటే ఓడిననురో తమ్మీ... నీ వేలు జారుతాంటే నేనే ఆగిననురో... లేవురా, ఇంకో ఆట ఆడి పోరా..." చుట్టూ ఉన్న ఏడుపు టక్కున ఆగింది. అన్న ఆఫీసు స్నేహితులు నేల చూపులు చూశారు. అమ్మ కళ్లలో నీళ్లు అట్లాగే నిలిచిపోయాయి. "సచ్చినోని చేతులకెల్లి గుంజుకున్నది" అంది. ఆ మాట తరువాత అమ్మ ఇప్పటిదాకా ఆమెతో మాట్లాడలేదు.

నాకూ కోపమే, దాచుకోవడం ఎందుకు. దినాలనాడు అడిగేశాను, ఆ మాట అననిదే గడవదా అత్తమ్మా అని. "బతికున్నన్ని దినాలు కడుపుల పెట్టుకున్న గదనే. సచ్చినంక గూడ ఓడాల్నా?" అంది.

డబ్బా మా ఇంటికి చేరిందని ఎవరు చెప్పారో, నిన్న ఆమె ఫోన్ చేసింది. గొంతు సన్నబడింది. కళ్లు సరిగ్గా కనబడడం లేదట. అమ్మ ఊరికి పోయినప్పుడు రమ్మన్నాను, మా ఆయన నీతో ఆడతాడన్నాను. "మీ ఆయన నాకు ఊకెనే ఓడిపోతడే. ముసల్దాన్నైతి గదా, ఇంక అందరు ఓడిపోతరు" అని ఫోన్ పెట్టేసింది. మా మేనత్త కనీసం ఒక్క ఆదివారం, పళ్లు బిగబట్టుకొని అయినా, ఒకరి కోసం ఓడింది. కాలానికి ఆ పాటి మొహమాటం కూడా లేదు.